హాంకాంగు ప్రజలను అడిగిందెవరు?

ఒక ఊరి భవిష్యత్తు గురించి ఇద్దరు పెద్దలు తలుపులు వేసుకుని మాట్లాడుకుంటుంటే, బయట నిలబడ్డ ఊరివాళ్లకు ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది? హాంకాంగు విషయంలో నా బాధంతా ఇదే.

1842లో హాంకాంగు దీవి, 1860లో కౌలూను బ్రిటిషువారికి శాశ్వతంగా దక్కాయి. మిగిలిన న్యూ టెరిటరీస్, అనగా నేలలో చాలా భాగం, 1898లో 99 ఏళ్ల కౌలుకు తీసుకున్నది. ఆ కౌలు 1997 జూన్ 30తో సరి. ఆ తేదీ దాటి పట్టాలివ్వడానికి అక్కడి ప్రభుత్వానికి అధికారం లేదు. పట్టా లేని నేలమీద బ్యాంకు అప్పు ఎవడిస్తాడు? సామ్రాజ్యాల తగాదా కాస్తా ఇంటి అప్పు దగ్గర మొదలైందన్నమాట!

1982 సెప్టెంబరులో శ్రీమతి థాచర్ బీజింగు వెళ్లారు. తర్వాత చర్చలన్నీ రహస్యం. 1983 జూలైలో గవర్నరు యూడ్ తాను హాంకాంగు ప్రజల ప్రతినిధినన్నాడు. కాదు, బ్రిటిషు బృందంలో ఒకడివేనంది చైనా. నల్లమందు యుద్ధంతో పోగొట్టుకున్న నేలను తిరిగి అడగడంలో చైనాకు న్యాయం ఉంది, కాదనను. ఆ గవర్నర్నీ ఎవరూ ఎన్నుకోలేదు. మరి 50 లక్షల పైచిలుకు జనం తరఫున మాట్లాడేదెవరు?

డాలరే మాట్లాడింది. 1983 సెప్టెంబరు 24, శనివారంనాడు అమెరికా డాలరుకు 9.60 హాంకాంగు డాలర్ల దాకా పడిపోయింది. జనం దుకాణాల మీద పడి తిండిసరుకులు ఊడ్చుకుపోయారు. అక్టోబరు 17 నుంచి 7.80 దగ్గర ముడివేశారు. ఆ ముడి నేటికీ వీడలేదు.

ఇక్కడే నా పేచీ. ప్రజావిశ్వాసం అని పేరే గాని, ఆదుర్దా అంతా పెట్టుబడిదారు విశ్వాసం గురించే. జార్డిన్ మేథిసన్ కంపెనీ 1984లో తన రిజిస్ట్రేషను బెర్ముడాకు మార్చుకుంటానని ప్రకటించింది. రేవులో మూటలు మోసేవాడు ఎక్కడికి మారతాడు? 1981 నాటి పౌరసత్వ చట్టం వాణ్ణి బ్రిటనులో నివసించే హక్కు లేని పౌరుడిగానే ఉంచింది.

1984 డిసెంబరు 19న సంతకాలయ్యాయి, 1997 తర్వాత 50 ఏళ్లు జీవన విధానం మారదని. అంతకుముందు ప్రజాభిప్రాయం అడగకపోలేదు. ఒక్క అక్షరం మారదు, కాదంటే అసలు ఒప్పందమే ఉండదు అని చెప్పి మరీ అడిగారు! మన ఊళ్లలో దీన్ని అడగడం అనరు.

2020లో జాతీయ భద్రతా చట్టం హాంకాంగు శాసనసభ గడప తొక్కకుండా, నేరుగా బీజింగు నుంచే వచ్చింది. 2021 జనవరి ఆఖర్న గాని బ్రిటను తన పాత హోదా ఉన్నవారికి స్థిరపడే వీసాల దారి తెరవలేదు. ఆ దారే 1984లో తెరిచి ఉంటే, వెళ్లేవాళ్లు వెళ్లేవారు, ఉండేవాళ్లు ఇంకొంచెం గుండెదిటవుతో ఉండేవారని నా నమ్మకం.