రైలుమార్గము ప్రక్క నల్ల సైనికుడు

పిల్లలకొరకు తీసిన చిత్రములో వర్ణభేద ప్రసక్తి యేల యని కొందరు పెద్దలు కినుక వహించుచున్నారు. 2022వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన ‘ది రైల్వే చిల్డ్రన్ రిటర్న్’ అను చిత్రమును గూర్చియు నిట్టి యాక్షేపణయే వినవచ్చినది. దానిని విచారింతము.

కథాకాలము 1944. బాంబుల భయముచే నగరమునుండి యార్క్‌షైరులోని ఓక్‌వర్త్ గ్రామమునకు పంపబడిన ముగ్గురు పిల్లలు, రైలుపెట్టెలు నిలుపు తావున గాయపడి దాగియున్న యొక అమెరికను సైనికుని కనుగొందురు. అతని పేరు ఏబ్, నల్లజాతివాడు. అతనిని తరుముచున్నది శత్రువు కాదు, అతని సొంత సైన్యపు పోలీసులే.

ఇట్టి విషయము బాలురకు తగదందురా? ఈ కథకు మూలమైన ఈడిత్ నెస్బిట్ నవల 1906లో వెలువడినది. అందు పిల్లల తండ్రి చేయని నేరమునకు కారాగృహము పాలయ్యెను. తన దేశమున హింసలబడి వచ్చిన యొక రష్యను రచయితకు ఆ పిల్లల యింట నాశ్రయము దొరకెను. 1970లో దానిని చిత్రముగా తీసినప్పుడు ఎవ్వరి లేతమనసులును చెడలేదు. రైలుబండిని, ఎర్రని లోపావడలను మాత్రము జ్ఞాపకముంచుకొని, అన్యాయపు కథను మరచినవారు నేడు సంప్రదాయము చెడినదని వాపోవుట వింతగా నున్నది.

లేనివారిని బలవంతముగా చొప్పించిరందురా? యుద్ధకాలమున బ్రిటనునకు వచ్చిన నల్లజాతి అమెరికను సైనికులు లక్షకు మించియుండిరి. 1943 జూనులో లాంకషైరునందలి బాంబర్ బ్రిడ్జి గ్రామమున వారికిని తెల్లజాతి సైనిక పోలీసులకును కాల్పులు జరిగినవి. విలియం క్రాస్‌లండ్ అను సైనికుడు మరణించెను. వర్ణభేదము పాటింపుడని కోరిన అమెరికను అధికారులకు బదులుగా, ఆ యూరి సారాదుకాణములవారు “నల్ల సైనికులకు మాత్రమే” అను పలకలు కట్టిరని ప్రసిద్ధి. కనబడవలసినది కనబడకున్ననే లేదని చెప్పవచ్చునని మన శాస్త్రకారులు నేర్పిరి. కండ్లు మూసికొన్నవానికి కనబడకపోవుట అభావమునకు ప్రమాణము కాదు.

అయినను ఈ చిత్రముపై మాకును ఒక తగవు కలదు. అది ఆక్షేపకుల తగవునకు విపరీతమైనది. వారు చూపినది హెచ్చందురు, మేము తక్కువందుము. ఇందు దౌష్ట్యమంతయు చాలవరకు అమెరికను పోలీసు దుస్తులలోనే తిరుగుచున్నది. ఇంగ్లండు దయామూర్తియై నిలిచినది. అమెరికను సైన్యపు వర్ణవిభజనకు 1942లో బ్రిటిషు మంత్రివర్గము అడ్డుచెప్పలేదు. 1943లో లండనులోని యొక హోటలు, ప్రసిద్ధ క్రికెట్ వీరుడైన లియరీ కాన్‌స్టంటైనునకు, నల్లవాడగుటచే, బస నిరాకరించెను. మరుసటియేడు న్యాయస్థానమున ఆయనయే గెలిచెను. ఈ ముచ్చటలకు ఓక్‌వర్త్ స్టేషనులో చోటులేకపోయినది. చివరకు రైలు నాపువారును ఇంగ్లీషు పిల్లలే. ఏబు వారి కరుణను వెల్లడించుటకు సాధనమైనంత, తన కథకు తాను నాయకుడు కాలేకపోయెను.

చోటిచ్చుట వేరు, మాట యిచ్చుట వేరు. మొదటిది దయ యనిపించుకొనును. రెండవది ఋణము తీర్చుట. ఈ చిత్రము సగము ఋణము తీర్చినది. అంతమాత్రమునకే కోపగించువారు మొత్తము తీర్చినచో నేమందురో!

పరులను నవ్వుటకు మనకును తీరిక లేదు. బ్రిటిషు ప్రభుత్వకాలమున మన దేశపు రైలుస్టేషనులలో హిందువులకు వేరు, ముస్లిములకు వేరు నీటికుండ లుండెడివి. రైలుబండిని జూచి చప్పట్లు కొట్టు మన పిల్లలకు ఆ కుండలను గూర్చి చెప్పుచున్నామా? పసివారికి అన్యాయము తెలియరాదనుట, తరచుగా, పెద్దలకు సిగ్గు కలుగరాదనుటయే. పిల్లలు సత్యమును భరింపగలరు. భరింపలేనివారము మనమే.