నొప్పికి వెరచి...

1844 డిసెంబరు 10వ తేదీన అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరంలో ఒక వింత ప్రదర్శన జరిగింది. గార్డ్నర్ కోల్టన్ అనే ఆయన నైట్రస్ ఆక్సైడ్ వాయువును కొందరి చేత పీల్పించి, వారు నవ్వుతూ గంతులు వేస్తుంటే చూపరులకు వినోదం కలిగించాడు. ఆ గంతులలో ఒక యువకుని కాలికి గట్టి దెబ్బ తగిలింది; అతనికి నొప్పే తెలియలేదు. చూడవచ్చిన వారిలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడొకడు ఆ సంగతి కనిపెట్టాడు. మర్నాడే ఆ వాయువు పీల్చి, సాటి వైద్యుని చేత తన దవడపన్ను తీయించుకున్నాడు.

మరుసటి నెలలో బోస్టన్‌లో వైద్యుల ఎదుట ఈ విధానాన్ని ప్రదర్శించబోతే, వాయువు చాలినంత ఎక్కకముందే పన్ను లాగడం వల్ల రోగి కేక పెట్టాడు. సభ ఎగతాళి చేసింది. 1846లో అదే నగరంలో వెల్స్ పూర్వ భాగస్వామి విలియం మార్టన్ ఈథర్‌తో కీర్తి గడించాడు. వెల్స్ 1848లో న్యూయార్క్ చెరసాలలో ప్రాణం తీసుకున్నాడు. అమెరికా దంతవైద్య సంఘం ఆయన ఘనతను గుర్తించినది 1864లో.

మత్తుమందులు ఇంత పెరిగిన తరువాత కూడా దంతవైద్యుని కుర్చీ పేరు చెబితే వణికేవారు తక్కువ కాదు. పిప్పిపన్ను సలిపితే లవంగ నూనె అద్దుకుంటారు. అందులోని యూజినాల్‌కు నొప్పిని తగ్గించే గుణం నిజంగానే ఉన్నది. దంతవైద్యులూ దానిని వాడతారు. కాని అది రోగాన్ని ఆపదు. ఆస్పిరిన్ బిళ్లను చిగురు మీద అదిమి ఉంచేవారూ ఉన్నారు. దానివల్ల చిగురు కాలి పుండు పడుతుంది తప్ప ఫలితం లేదు.

ఈ జాప్యంలో ఒక చిక్కు ఉన్నది. నేడు విరివిగా వాడే లిగ్నోకేయిన్ మందును స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ 1943లో తయారుచేశాడు. ఆయన సహచరుడు బెంట్ లుండ్‌క్విస్ట్ దానిని తన ఒంటి మీదనే పరీక్షించుకున్నాడు. నాడి పొరను దాటి లోపలికి చేరినప్పుడే ఈ మందు నొప్పి వార్తను మెదడుకు చేరకుండా ఆపగలదు. వాచి, చీము పట్టిన చోట ఆమ్లగుణం హెచ్చుతుంది. అక్కడ మందులో నాడిలోకి చొరబడగల భాగం తగ్గిపోతుంది. అంటే, నొప్పికి భయపడి నెలల తరబడి దాచిన పన్నునే మొద్దుబార్చడం కష్టమన్నమాట! అందులోనూ కింది దవడపళ్లు మరీ మొండివి. పైదవడ ఎముక పలుచన గనుక పన్ను పక్కనే సూది వేస్తే మందు ఇంకుతుంది. కింది ఎముక గట్టిది గనుక దవడ వెనుక భాగాన నాడి మొదటనే వేయవలసి వస్తుంది. ఒక సూది చాలకపోతే మరొక మార్గంలో మరికొంత మందు ఇచ్చే పద్ధతులున్నవి. కాబట్టి నొప్పి తెలుస్తుంటే పళ్ల బిగువున ఓర్చుకోవడం ధైర్యం కాదు. వెంటనే చెప్పాలి. మాట రాని ఆ స్థితిలో ఎడమచేయి ఎత్తితే పని ఆపే ఒప్పందం ముందే చేసుకోవడం మంచిది.

సూది అంటేనే భయపడేవారికి ముందుగా చిగురు మీద మందు పూసి, ఆపై నిదానంగా, మిల్లీలీటరుకు ఒక నిమిషం చొప్పున ఎక్కిస్తే మంట బాగా తగ్గుతుంది. మందుతో తరచు అడ్రినలిన్ కలుపుతారు. అది రక్తనాళాలను ముడిచి మత్తును ఎక్కువసేపు నిలుపుతుంది. గుండె కాసేపు దడదడలాడవచ్చు. హృద్రోగులు ఆ సంగతి, తాము వాడే మందుల సంగతి ముందే తెలపాలి.

భయం మరీ ఎక్కువైతే వెల్స్ నమ్మిన ఆ వాయువే నేడు ప్రాణవాయువుతో కలిసి ముక్కు తొడుగు ద్వారా అందుతుంది. రోగి మేలుకొనే ఉంటాడు, అడిగితే బదులిస్తాడు. నొప్పికి మాత్రం సూది తప్పదు. మిడజొలాం వంటి మందు ఇచ్చినప్పుడు నాడిని, రక్తంలోని ప్రాణవాయువును కనిపెట్టి చూడాలి. తోడు లేకుండా రోగిని ఇంటికి పంపరాదు. ఈ వసతులు అన్ని ఊళ్లలోనూ లేవు.

పూర్వం సలిపే పన్నుకు పీకడమే మందు. ఇప్పుడు చెడిన గుజ్జును తొలగించి, వేరు కాలువలను శుభ్రపరచి పూడ్చి, పన్నును చాలావరకు నిలుపుతున్నారు. చికిత్స అనంతరం మొద్దు విడవకముందే డాక్టరు చెప్పిన నొప్పి బిళ్ల వేసుకోవడం మేలు. పిల్లలను మాత్రం రెండు మూడు గంటలు కనిపెట్టి ఉండాలి. స్పర్శ లేని పెదవిని వారు సరదాకు నమిలి పుండు చేసుకుంటారు.