ధర పెరిగిన యిల్లు, పెరుగని రాబడి
2020 నవంబరున పురపాలక చట్టములను సవరించి, అంతవఱకు వార్షిక అద్దె విలువపై నిర్ణయింపబడుచుండిన ఆస్తిపన్నును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మూలధన విలువకు ముడివేసి, నివాసగృహములకు ఆ విలువలో 0.10 మొదలు 0.50 శాతము వఱకు విధింపవచ్చుననినప్పుడు విశాఖ గృహస్థులు కలవరపడుట న్యాయమే. మన ఊరు చోడవరము పంచాయతీ గనుక ఆ సవరణ మన గడప త్రొక్కలేదు. కాని అనకాపల్లి 2013లో విశాఖ మహానగరమున విలీనమగుటను చూచిన మనకిది పరుల గొడవ కాదు. చుట్టుప్రక్కల స్థలముల ధర హెచ్చినంతమాత్రాన, గోవాడ చక్కెర కర్మాగారమున పనిచేసి విశ్రాంతిపొందిన వృద్ధుని చేతికి అధికముగా పైకము వచ్చునా? ఏటా 15 శాతమునకు మించి పెంపుండదన్న హామీయు, ఐదేండ్లు వరుసగా అమలైనచో పన్నును రెట్టింపు చేయును. ఇట్టి పన్నుపైనే నడచిన బొంబాయి వ్యాజ్యమున 2022 నవంబరులో సుప్రీంకోర్టు, భవిష్యత్తులో కట్టదగిన నిర్మాణమునుగూడ లెక్కగట్టు నియమములను కొట్టివేసినది; న్యాయస్థానమును ఆశ్రయింపదలచు గృహస్థులు ముందుగా చదువవలసిన తీర్పు అదియే.