కళింగపట్నంలో ఒక రాత్రి

స్పెయిన్ దక్షిణ తీరంలోని టొర్రెమొలినోస్ ఒకప్పుడు జాలరిపల్లె. పక్కనే మలగా విమానాశ్రయం ఉండటంతో 1950ల తర్వాత ఐరోపా వాసులు ఎండ కోసం ఎగబడ్డారు. తీరమంతా హోటళ్ల గోడయింది. 2023 మేలో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక మన శ్రీకాకుళం తీరానికీ అలాంటి ఆశలే చూపిస్తున్నారు.

ఆశకు ఆధారం లేకపోలేదు. కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. కాస్త ఎగువకు వెళితే శాలిహుండం కొండ: పైన బౌద్ధ స్తూపాల శిథిలాలు, కింద పరచుకున్న నది. విశాఖ దాకా వచ్చే పర్యాటకుల్లో ఎందరు దీన్ని చూశారు? తేలినీలాపురం చింతచెట్లపై ఏటా పెలికాన్లు గూళ్లు కడతాయి. అరసవల్లి, శ్రీకూర్మం వచ్చే భక్తులైతే దర్శనం కాగానే బండెక్కేస్తారు. వారిని ఒక్క రాత్రి ఆపగలిగితే చాలు.

అందుకు నక్షత్రాల హోటళ్లు అక్కర్లేదు. శుభ్రమైన మరుగుదొడ్లు, చీకటిపడ్డాకా శ్రీకాకుళానికి బస్సు, అలల దగ్గర గజ ఈతగాళ్లు కావాలి. ఇసుక మీద కాంక్రీటు వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఏం చేసిందో ఉద్దానం కొబ్బరి రైతునడగండి. మత్స్యకారుల ఇళ్లలోనే అతిథి గదులకు ప్రభుత్వం అనుమతులు, రుణాలు ఇవ్వాలి. చేపల పులుసు ఎవరు బాగా పెడతారో వేరే చెప్పాలా!