రంగులు మనమే వేసుకోవాలా, మేస్త్రీని పిలవాలా?

ఉద్యోగం హైదరాబాదులోనో బెంగుళూరులోనో, ఇల్లేమో చీమకుర్తిలో. మా బోటివాళ్ళకి సంక్రాంతి దగ్గర పడేసరికి ఇంటి నుంచి వచ్చే ఫోను ఒకటే: "గోడలు చూడలేకపోతున్నాం రా, రంగులేయించాలి." అక్కణ్ణుంచి మన బుర్రలో ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది.

మనవాళ్ళు ఎక్కువగా వేసే లెక్క ఒకటుంది. నా జీతం గంటకి ఇంత, పెయింటరు కూలి అంతకన్నా తక్కువ, కాబట్టి నేను బ్రష్షు పట్టుకోవడం దండగ అని. నాకెప్పుడూ ఈ లెక్క నచ్చలేదు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి నాకు జీతం ఎవరిస్తున్నారు? ఆ టైములో నేను చేసేది పడుకుని క్రికెట్ చూడ్డమే :)

అలాగని "యూట్యూబులో చూసి రెండ్రోజుల్లో లాగించేద్దాం" అనే బ్యాచ్‌తో కూడా నాకు పేచీయే. పన్నెండు బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకోండి. గోడలు 480 చదరపు అడుగులు, పైకప్పు 144. తలుపులు, కిటికీలు తీసేస్తే ఓ 550 మిగుల్తుంది. గీకడం ఒకసారి, పుట్టీ రెండుసార్లు, ఉప్పుకాగితం ఒకసారి, ప్రైమరు ఒకసారి, రంగు రెండుసార్లు. మొత్తం ఏడుసార్లు. అంటే ఒక్క గదికే దాదాపు నాలుగు వేల అడుగుల పని. వీడియోలో హాయిగా రోలరు దొర్లించేది ఆఖరి రెండుసార్లే. కోడ్ రాయడం చూపించి టెస్టింగ్ దాచేసినట్టన్నమాట.

మా నాన్నగారిది ఇంకో వాదన. "మా రోజుల్లో సున్నంలో నీలిమందు కలిపి మేమే కొట్టుకున్నాం, మేస్త్రీ ఎందుకు?" అంటారు. నిజమే, కానీ సున్నం చాలా మంచిది, తప్పులు క్షమిస్తుంది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పీల్చుకుని గోడమీదే రాయిలా మారుతుంది, చెమ్మని బయటికి పోనిస్తుంది. ఎమల్షన్ అలా కాదు, అదొక ప్లాస్టిక్ పొర. పాత సున్నం సరిగ్గా గీకకుండా దానిమీద వేస్తే అప్పడంలా లేచొస్తుంది. పైగా మా ఊరి దుమ్ము తెలిసిందే కదా. క్వారీలు, కర్నూలు రోడ్డు మీద రాళ్ళ లారీలు, బయటి గోడ మీద ఎప్పుడూ ఓ పొర ఉంటుంది. శుభ్రంగా కడిగి ఆరనివ్వకుండా ప్రైమరు వేస్తే అది పట్టుకునేది దుమ్మునే, గోడని కాదు. (అన్నట్టు మా గెలాక్సీ గ్రానైటు భూగర్భ శాస్త్రం ప్రకారం గ్రానైటే కాదట, గాబ్రో జాతి రాయి. ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. ఊరి పరువు పోతుంది, ఎవరికీ చెప్పకండి.)

డబ్బు కన్నా నన్ను భయపెట్టేవి రెండున్నాయి. ఒకటి పాత తలుపులు, గ్రిల్సు మీది ఎనామిల్. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకొచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన పొరల్లో ఎంతుందో కంటికి కనపడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో దాన్ని పొడిగా గీకొద్దు. తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి, పెచ్చులు ఊడ్చి పారేసేదాకా పిల్లల్ని రానివ్వకూడదు. పని మనం చేసినా మేస్త్రీ చేసినా ఇంతే.

రెండోది ఎత్తు. అరవై దాటిన మనిషి నిచ్చెనెక్కి ఒక చేత్తో డబ్బా, ఒక చేత్తో బ్రష్షు పట్టుకుంటే మిగిలే కూలి డబ్బులెంత, కాలు విరిగితే ఆసుపత్రి బిల్లెంత? అందుకని బయటి గోడలు, పైకప్పులు పనివాళ్ళకే ఇవ్వాలంటాను. అయితే ఆ ఎత్తు వాళ్ళకి మాత్రం ప్రమాదం కాదా? మనం ఆఫీసులో కుర్చీ బాలేదని మెయిల్ పెడతాం. మన ఇంటి రెండో అంతస్తులో నిలబడ్డ మనిషి కాళ్ళ కింద రెండు సర్వికర్రలు చాలనుకుంటాం. బేరం ఆడేముందు పరంజా ఎలా కడతారు, బెల్టు ఉందా అని అడగండి. దానికి కొంత ఎక్కువైతే ఇవ్వండి. అక్కడ బేరమాడ్డం నాకు సిగ్గుగా ఉంటుంది.

రంగు మాత్రం మనమే కొని, కూలి వరకే చదరపు అడుక్కి మాట్లాడుకోవడం మేలు. డబ్బాల్లో పెయింటర్ల కోసం టోకెన్లు పెట్టే పద్ధతి ఎప్పట్నుంచో ఉంది. అందుకే ఏ కంపెనీ రంగు మంచిదో మేస్త్రీని అడిగితే, జవాబులో టోకెను కూడా కొంచెం కలిసుండొచ్చు. ఇంకోటి, పండక్కి ముందే కావాలని పట్టుబట్టకండి. అప్పుడు అందరూ పిలిచేవాళ్ళే, పైగా ఈశాన్య రుతుపవనాల చెమ్మ గోడల్లోనే ఉంటుంది. ఏప్రిల్, మే ఎండలకేమో రంగు మరీ తొందరగా ఆరిపోయి రోలరు చారలు పడతాయి.

మేము పండగెళ్ళాక పెట్టుకుంటున్నాం. నిచ్చెన అక్కర్లేనంత ఎత్తువరకు నా పడగ్గది గోడలు నావి, మిగతాదంతా మేస్త్రీది. నాన్నగారి నిచ్చెన అప్పటిదాకా పక్కింటి పిన్నిగారింట్లో ఉంటుంది.