అనుసరణ వేరు, వెక్కిరింత వేరు

మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఆరవ తరగతి చదువుతున్న బాలుడు కొన్ని నెలలుగా తరగతి గదిలో నోరు విప్పడం మానేశాడు. ఒకనాడు ప్రశ్నకు సమాధానం చెబుతూ ‘నాకు’ అనవలసిన చోట ‘నాకి’ అన్నాడట. తోటి పిల్లలు నవ్వారు. ఉపాధ్యాయులు వారిని వారించకపోగా, అదే మాటను రాగం తీసి తామూ పలికారు. తండ్రి వెళ్లి అడిగితే, “సరదాగా అనుకరించాం, అంతే కదా!” అన్న జవాబు వచ్చింది.

అది నిజంగా అనుకరణేనా? ఇతరులు చేసినట్లు చేయడానికి మన భాషల్లో ఎన్నో మాటలున్నాయి. వాటి మధ్య తేడా చెరిగిపోయినప్పుడల్లా నష్టపోయేది బలహీనులే. అందుకే ఈ మాటలను ఒకసారి విడదీసి చూడవలసి ఉన్నదని మేము భావిస్తున్నాం.

‘నకలు’తో మొదలుపెడదాం. రెవెన్యూ కార్యాలయానికి వెళ్లిన ప్రతి రైతుకూ తెలిసిన మాట ఇది. దాని జంట ‘అసలు’. ఈ రెండూ అరబీ నుంచి పారసీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి స్థిరపడినవే. అరబీలో ‘నఖ్ల్’ అంటే ఒకచోటి నుంచి మరొకచోటికి చేర్చడం. ధార్మిక విద్యల్లో పూర్వీకుల నుంచి యథాతథంగా అందిన జ్ఞానాన్ని ‘మన్ఖూల్’ అంటారు. అంటే నకలులో ప్రధానమైనది నిజాయితీ. అసలులో లేనిది చేర్చకూడదు, ఉన్నది తీసివేయకూడదు.

‘అనుకరణ’ అంటే ఒకరు చేసినట్లే చేయడం. శిశువు తల్లి మాటను అనుకరించే భాష నేర్చుకుంటుంది. ఇది కళ కూడా కాగలదు. ధ్వన్యనుకరణను గౌరవప్రదమైన కళగా నిలిపిన ఓరుగల్లు వాసి నేరెళ్ల వేణుమాధవ్‌ను 2001లో పద్మశ్రీ వరించింది. మహామహుల గొంతులను పలికించినప్పుడు ఆయనకు లభించిన చప్పట్లు ఆ గొంతులను అవమానించినందుకు కావు, అంత శ్రద్ధగా విన్నందుకు.

‘అనుసరణ’ ఇంకొక మెట్టు పైది. అనుసరించేవాడు వెనుక నడుస్తాడు, కాని కళ్లు తెరుచుకుని నడుస్తాడు. ధర్మశాస్త్రంలో దీనికి దగ్గరి మాట ‘ఇత్తిబా’. ఆధారం అడగకుండా ఒక పండితుని తీర్పును స్వీకరించడం ‘తఖ్లీద్’. మెడలో వేసే పట్టెడకు అరబీలో ఉన్న ‘ఖిలాదా’ అన్న మాట, ఇదీ ఒకే ధాతువు నుంచి పుట్టాయి. తఖ్లీద్ ఎంతవరకు అవసరమన్నది పండితుల మధ్య శతాబ్దాలుగా సాగుతున్న చర్చ. ఆ చర్చే ఒక సంగతి చెబుతోంది. ఎవరి వెనుక, ఎందుకు నడుస్తున్నామన్న ప్రశ్న మన సంప్రదాయంలో ఎన్నడూ చిన్న ప్రశ్న కాదు.

ఇక చివరిది ‘వెక్కిరింత’. ఇందులోనూ ఎదుటివారి మాటే, నడకే ఉంటుంది. కాని ఉద్దేశం నేర్చుకోవడం కాదు, వారిని తక్కువ చేయడం. దివ్యఖుర్ఆన్ హుజురాత్ సూరా 11వ ఆయత్‌లో, ఒక వర్గం మరొక వర్గాన్ని ఎగతాళి చేయరాదని, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చునని హెచ్చరిక ఉంది. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి ఒక వ్యక్తిని అనుకరించి చూపగా, ఎంత ప్రతిఫలం లభించినా ఒకరిని అలా అనుకరించడం తనకు ఇష్టం లేదని దైవప్రవక్త (స) అన్నట్లు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలు తెలుపుతున్నాయి.

ఈ తేడాలతో చూస్తే మన చుట్టూ జరుగుతున్నది స్పష్టమవుతుంది. తెలుగు సినిమాల్లో ముస్లిం పాత్ర ‘నీకి, మాకి’ అనకుండా నోరు విప్పిన సందర్భాలు ఎన్ని? అది నకలు కాదు, ఎందుకంటే అందులో నిజాయితీ లేదు. నెల్లూరు ముస్లిం తెలుగు ఒకటి, ఓరుగల్లు ముస్లిం తెలుగు మరొకటి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ చదివినవారికి ఆ పలుకులోని జీవం తెలుసు. అక్కడ పాఠకుడు నవ్వేది మనుషులతో కలిసి, మనుషులను చూసి కాదు.

మరోవైపు మనపై పరస్పర విరుద్ధమైన రెండు నిందలున్నాయి. ఉర్దూ చదివితే పరాయివారిని అనుకరిస్తున్నామంటారు. చక్కని తెలుగు మాట్లాడితే, “మా భాష భలే నేర్చుకున్నారే” అని ఆశ్చర్యపోతారు. పిఠాపురంలో పుట్టి తెలుగులో కావ్యాలూ నాటకాలూ రచించిన ఉమర్ ఆలీషా ఎవరి భాషను అనుకరించారు? అది ఆయన సొంత భాష. ఉర్దూ కూడా ఈ నేలదే. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును రాజ్యాంగం 29వ అధికరణ ఇచ్చింది. భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించాలని 350ఎ అధికరణ చెబుతోంది. ఉన్న హక్కును వినియోగించుకోవడం ఎవరికీ నకలు కాదు.

అయితే వేలెత్తి చూపేముందు మన ఇంటిని కూడా చూసుకోవాలి. దూదేకుల, నూర్‌బాషా సోదరుల ఇళ్లలో తెలుగే మాతృభాష. వారు ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడబోతే వెక్కిరించినవారు మనలో లేరా? పెళ్లిళ్లలో, జమాఅతుల్లో వారి పలుకును తిరిగి పలికి నవ్వినవారు లేరా? హుజురాత్ సూరాలోని హెచ్చరిక విశ్వాసులను ఉద్దేశించినది. సినిమావారిని ప్రశ్నించే నైతిక అర్హత మనకు కలగాలంటే ఆ నవ్వును ముందు మన ఇళ్లలో ఆపాలి.

మన యువతకూ ఒక మాట. వెక్కిరింతకు భయపడి తమ పలుకును దాచుకుని పక్కవారిలా కనిపించాలని తాపత్రయపడేవారు పెరుగుతున్నారు. హంస నడక నేర్వబోయిన కాకి తన నడకే మరిచిందని ఉర్దూ సామెత. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్లని తెలుగు సామెత. మంచిని ఎక్కడున్నా అనుసరించండి, కాని సిగ్గుతో ఎవరినీ అనుకరించకండి.

ఇది వ్యాకరణ చర్చ కాదు. ఒక బాలుడి చదువు దీనిపై ఆధారపడి ఉంది. యాసను హేళన చేయడం క్రమశిక్షణ ఉల్లంఘనేనని పాఠశాలలు స్పష్టం చేయాలి. అటువంటిది జరిగినప్పుడు తల్లిదండ్రులు మౌనంగా ఉండక, యాజమాన్య కమిటీకి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. ఆ లేఖలో ‘అనుకరించారు’ అని రాయవద్దు. ‘వెక్కిరించారు’ అని రాయండి. తప్పును దాని పేరుతో పిలిచినప్పుడే దానికి జవాబు అడగగలం.