తెరమీది పాఠమునకు ముందు తీరిక

ఓరుగల్లు సీమలో సాంద్రతను బోధించు ఉపాధ్యాయునకు రామప్ప గుడికంటె గొప్ప ఉపకరణము వేఱొకటి లేదు. 1213 నాటి ఆ దేవాలయ శిఖరమందలి ఇటుకలు నీటిపై తేలునని ఇచ్చటి పిల్లలు వినియే యుందురు. ఆ విన్నదానిని ఎఱుకగా మార్చుటకు, నోబెల్ గ్రహీతయగు కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున నెలకొల్పిన ‘ఫెట్’ ప్రయోగములు మిక్కిలి అక్కఱకు వచ్చును: తెరమీది దిమ్మయొక్క ద్రవ్యరాశిని తగ్గించి, ఘనపరిమాణమును పెంచి, అది ఎప్పుడు తేలునో విద్యార్థి స్వహస్తముతో పరీక్షింపగలడు. ఇవి ఉచితములు, ఒకపరి దింపుకొన్నచో అంతర్జాలము లేని పల్లెబడియందును పనిచేయును, కొన్నింటికి తెలుగు రూపములును గలవు.

ఇవిగాక, 2017లో ఆరంభమైన ‘దీక్ష’ అను డిజిటల్ విద్యావేదిక, పాఠ్యపుస్తకములలోని క్యూఆర్ కోడులు, టీ-శాట్ విద్యాప్రసారములు ఉండనే యున్నవి. ఇన్నింటిలోనుండి తన తరగతికి తగినదానిని ఏరి, ముందుగా తాను చూచి, ఏ ప్రశ్నయొద్ద తెరను ఆపి పిల్లలను పలికింపవలయునో నిశ్చయించుకొనుటకు ఉపాధ్యాయునకు వలసినది వ్యవధి. దానిని ఒసగక వనరులను మాత్రమే పెంచుట పిల్లలకు అన్యాయమని నా దృఢాభిప్రాయము. వారమునకు రెండు పీరియడులైనను ఇందులకు ప్రత్యేకించి, ఆ వేళ వేఱు పని మోపక, విద్యాశాఖవారు టైంటేబులునందే చేర్పవలయును.